పప్పెట్‌లో సెట్టింగులు ముందు, కాంపోనెంట్లు తర్వాత: రూబీ వైపు నుంచి ఒక సమగ్ర మార్గదర్శి

ఫైలు అక్కడే ఉంది. పేరులో ఒక్క అక్షరం కూడా తప్పు లేదు. అయినా సర్వర్లను కోడ్‌తో అమర్చే టూల్ పప్పెట్ మాత్రం అలాంటి రిసోర్స్ టైప్ (అది నిర్వహించే ఫైలు, సర్వీస్ లాంటి వాటి రకం) తనకు తెలియదంటుంది. పప్పెట్‌తో కొన్నాళ్లు పనిచేసిన వాళ్లందరికీ ఈ అనుభవం ఉంటుంది. అప్పుడు మనం చేసే మొదటి పని ఆ ఫైలు తెరిచి కోడ్‌లో తప్పు వెతకడం. నేనూ అదే చేసేవాణ్ణి. చాలాసార్లు తప్పు ఆ ఫైలులో ఉండదు. సెట్టింగులు సిద్ధం కాకముందే దాన్ని అడిగి ఉంటాం, లేదా వేరే యూజర్‌గా అడిగి ఉంటాం, లేదా ఏ ఎన్విరాన్‌మెంట్ (ప్రొడక్షన్, టెస్టింగ్ లాంటి విడివిడి కోడ్ సెట్) అన్నది చెప్పకుండా అడిగి ఉంటాం. ఈ మూడూ అర్థమవ్వాలంటే పప్పెట్ ఎలా మేలుకుంటుందో తెలియాలి.

పప్పెట్‌ను ల్యూక్ కేనీస్ 2005లో రూబీ భాషలో మొదలుపెట్టారు. 2022లో ఆ కంపెనీని పెర్ఫోర్స్ కొనుక్కుంది. 2025లో వాక్స్ పూపులి అనే కమ్యూనిటీ అదే కోడ్ నుంచి ఓపెన్‌వాక్స్ పేరుతో వేరే శాఖ తీసింది. ఇక్కడ చెప్పేది పప్పెట్ 7, 8 వెర్షన్లకు సంబంధించింది. పేర్లన్నీ తెలుగు లిపిలో రాశాను, టైప్ చేసేటప్పుడు మామూలు ఇంగ్లీషు స్పెల్లింగే వాడాలి.

1. ఏ రూబీతో నడుపుతున్నారు?

ప్యాకేజీ ద్వారా పప్పెట్ ఇన్‌స్టాల్ చేస్తే తన రూబీని తానే వెంట తెచ్చుకుంటుంది. అది /ఆప్ట్/పప్పెట్‌ల్యాబ్స్/పప్పెట్/బిన్ ఫోల్డర్‌లో ఉంటుంది. సిస్టమ్‌లో ఉన్న మరో రూబీతో మీ స్క్రిప్ట్ నడిపి, మొదటి లైన్‌లో పప్పెట్‌ను రిక్వైర్ చేస్తే దొరకదు. అందుకే స్క్రిప్ట్‌ను ఆ ఫోల్డర్‌లోని రూబీతో పూర్తి పాత్ ఇచ్చి నడపండి. జెమ్ (రూబీ లైబ్రరీ ప్యాకేజీ) రూపంలో విడిగా వేసుకున్నా పనిచేస్తుంది, కానీ పప్పెట్ 8కి రూబీ కనీసం 3.1 ఉండాలి. ఒకే మెషీన్‌లో రెండు పప్పెట్‌లు ఉంటే ఏది ఏ రూబీదో గుర్తుపెట్టుకోవడం అదనపు టెన్షన్. నేనైతే ప్యాకేజీదొక్కటే ఉంచుతాను.

2. ఎవరిగా నడుపుతున్నారు?

పప్పెట్‌కు అన్నిటికీ మూలం నాలుగు ఫోల్డర్లు: కాన్ఫ్‌డిర్, కోడ్‌డిర్, వార్‌డిర్, లాగ్‌డిర్. ఈ నాలుగింటిలో ఏ ఒక్కదానికి విలువ లేకపోయినా సెట్టింగుల మొదలే ఆగిపోతుంది. మిగతా సెట్టింగుల్లో చాలావాటికి విలువ వీటినుంచే పుడుతుంది.

రూట్‌గా నడిపితే కాన్ఫ్‌డిర్ /ఈటీసీ/పప్పెట్‌ల్యాబ్స్/పప్పెట్, కోడ్‌డిర్ /ఈటీసీ/పప్పెట్‌ల్యాబ్స్/కోడ్, వార్‌డిర్ /ఆప్ట్/పప్పెట్‌ల్యాబ్స్/పప్పెట్/క్యాష్. మామూలు యూజర్‌గా నడిపితే ఇవన్నీ ఆ యూజర్ హోమ్ ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే పప్పెట్‌ల్యాబ్స్ అనే దాగిన ఫోల్డర్ కిందికి మారిపోతాయి. హెచ్చరిక ఏమీ రాదు. పైగా కొత్త చోట పప్పెట్.కాన్ఫ్ లేకపోయినా పప్పెట్ ఫిర్యాదు చేయదు, డిఫాల్ట్ విలువలతో నిశ్శబ్దంగా ముందుకు వెళ్లిపోతుంది.

ఒకసారి నేను సర్వర్ పేరు మార్చి, 'పప్పెట్ కాన్ఫిగ్ ప్రింట్ సర్వర్' అని కొడితే పాత విలువ కూడా కాదు, అసలు డిఫాల్ట్ అయిన 'పప్పెట్' అనే పేరే వచ్చింది. ఫైలు సేవ్ అవలేదనుకుని మూడుసార్లు మళ్లీ రాశాను. సూడో పెట్టడం మరిచిపోయానని తెలిసేసరికి మధ్యాహ్నం భోజనం టైమ్ దాటిపోయింది. అప్పటినుంచి ఏ సమస్య వచ్చినా మొదట కొట్టే కమాండ్ 'సూడో పప్పెట్ కాన్ఫిగ్ ప్రింట్ కాన్ఫ్‌డిర్'. ఆ తర్వాత అదే సూడో లేకుండా. రెండు జవాబులూ పక్కపక్కన పెట్టుకుంటే సగం అయోమయం తీరుతుంది.

3. పప్పెట్.కాన్ఫ్ ఎలా చదువుతుంది

ఫైలులో సాధారణంగా నాలుగు సెక్షన్లు ఉంటాయి: మెయిన్, ఏజెంట్, సర్వర్, యూజర్. సర్వర్ సెక్షన్‌ను పాత ఫైళ్లలో మాస్టర్ అని రాసేవారు. పప్పెట్ ఏ పనిలో ఉందో దాన్ని రన్ మోడ్ అంటారు. సర్వర్ నుంచి ఆదేశాలు తెచ్చి మెషీన్ మీద అమలు చేసే ఏజెంట్ కమాండ్ నడిస్తే మోడ్ ఏజెంట్. సర్వర్ లేకుండా ఉన్నచోటే కోడ్‌ను అమలు చేసే 'పప్పెట్ అప్లై' నడిపితే మోడ్ యూజర్. ఆ మోడ్ పేరున్న సెక్షన్‌ను ముందు చూసి, అక్కడ లేకపోతే మెయిన్ చూస్తుంది. ఏ రోటి దగ్గర ఆ పాట అన్నట్టు, ఒకే సెట్టింగ్‌కు అడిగేవాళ్లను బట్టి జవాబు మారుతుంది.

ఇందులో చిక్కు ఏమిటంటే, ఏజెంట్ సెక్షన్‌లో మీరు పెట్టిన విలువ 'పప్పెట్ అప్లై'కి కనిపించదు. మీరు సొంతంగా రాసే రూబీ స్క్రిప్ట్‌కూ కనిపించదు, ఎందుకంటే దానికీ యూజర్ మోడే. కాన్ఫిగ్ ప్రింట్ కమాండ్ కూడా మీరు చెప్పకపోతే మెయిన్‌నే చూపిస్తుంది. ఏజెంట్‌కు ఏం కనిపిస్తుందో తెలియాలంటే --సెక్షన్ ఏజెంట్ అని జతచేయాలి. అందరికీ ఒకేలా ఉండాల్సిన విలువలు మెయిన్‌లో పెట్టడమే మేలు. సర్టిఫికెట్ పేరు, సర్వర్ పేరు లాంటివాటిని సెక్షన్లవారీగా విడగొట్టాల్సిన అవసరం నాకు చాలా అరుదుగా వచ్చింది.

ఒక సెట్టింగ్ విలువ కోసం పప్పెట్ పైనుంచి కిందికి పొరలు పొరలుగా వెతుకుతుంది. అన్నిటికంటే పైన కోడ్‌లో నేరుగా కేటాయించిన విలువ, దాని కింద కమాండ్ లైన్‌లో ఇచ్చింది, తర్వాత ఎన్విరాన్‌మెంట్.కాన్ఫ్, తర్వాత మోడ్ సెక్షన్, తర్వాత మెయిన్, చివరికి డిఫాల్ట్. విలువలో డాలర్ గుర్తుతో వేరే సెట్టింగ్ పేరు ఉంటే, ఉదాహరణకు డాలర్ వార్‌డిర్ అని ఉంటే, అడిగిన క్షణంలో దాన్ని విప్పుతుంది. అందుకే వార్‌డిర్ ఒక్కటి మారిస్తే లిబ్‌డిర్ లాంటివి దానివెంటే కదులుతాయి. టెస్ట్ కోసం వేరే చోట అంతా ఆడించి చూడాలంటే ఈ గుణం చాలా పనికొస్తుంది.

సెట్టింగ్ పేరును తప్పు స్పెల్లింగ్‌తో ఫైలులో రాస్తే పప్పెట్ ఎర్రర్ ఇవ్వదు, ఊరుకుంటుంది. 

4. సొంత స్క్రిప్ట్‌లో సెట్టింగులు మొదలుపెట్టడం

ఇప్పుడు అసలు విషయం. పప్పెట్‌ను లైబ్రరీగా వాడే చిన్న స్క్రిప్ట్ రాద్దాం. మొదటి లైన్‌లో పప్పెట్‌ను రిక్వైర్ చేయండి. రెండో లైన్‌లో పప్పెట్ అనే రూబీ మాడ్యూల్ మీద ఇనిషియలైజ్_సెట్టింగ్స్ మెథడ్‌ను పిలవండి. మూడో లైన్‌లో చదరపు బ్రాకెట్లలో కోలన్ సర్ట్‌నేమ్ పెట్టి పప్పెట్‌ను అడిగి, ప్రింట్ చేయండి. మెషీన్ పేరు కనిపిస్తే సెట్టింగులు లేచినట్టే.

ఆ మెథడ్‌కు మొదటి ఆర్గ్యుమెంట్‌గా ఒక అర్రే ఇవ్వొచ్చు. అందులో కమాండ్ లైన్‌లో రాసినట్టే --కాన్ఫ్‌డిర్, దాని పక్కన ఒక పాత్, --కోడ్‌డిర్, --వార్‌డిర్ ఇలా రాస్తే అవి కమాండ్ లైన్ పొరలోకి వెళ్తాయి. ప్రయోగాలకు టెంప్ ఫోల్డర్ కింద మూడు ఫోల్డర్లు తయారుచేసి ఇలా ఇవ్వడం నా పద్ధతి. అసలు సర్వర్ కాన్ఫిగరేషన్‌కు చేయి తగలదు.

ఈ ఒక్క పిలుపు లోపల రెండు ఘట్టాలు జరుగుతాయి. మొదటిది గ్లోబల్ సెట్టింగులు: ఆర్గ్యుమెంట్లు చదవడం, పప్పెట్.కాన్ఫ్ చదవడం. రెండోది అప్లికేషన్ డిఫాల్ట్‌లు: రన్ మోడ్‌ను బట్టి పైన చెప్పిన నాలుగు ఫోల్డర్లకూ విలువలు కూర్చడం. రెండూ అయ్యాక ఎన్విరాన్‌మెంట్లను వెతికే వస్తువును గ్లోబల్ కాంటెక్స్ట్‌లోకి తోస్తుంది.

ఆ రెండు ఘట్టాలకూ మధ్య గీత ఎందుకు ముఖ్యమో పప్పెట్ ఆటోలోడర్ (రూబీ ఫైళ్లను వెతికి లోడ్ చేసే భాగం) కోడ్‌లోనే ఉంది. ఫైళ్ల కోసం ఏయే ఫోల్డర్లలో వెతకాలి అని అది లెక్క వేసేటప్పుడు, అప్లికేషన్ డిఫాల్ట్‌లు సిద్ధమయ్యాయా అని ముందు చూసుకుంటుంది. సిద్ధం కాకపోతే మాడ్యూల్ (మీరు రాసిన టైప్‌లు, ఇతర కోడ్ ఉండే కట్ట) ఫోల్డర్లను జాబితాలో చేర్చనే చేర్చదు. అప్పటికి మాడ్యూల్‌పాత్ (మాడ్యూల్స్ వెతికే ఫోల్డర్ల జాబితా) ఏమిటో ఖాయంగా తెలియదు కదా. ఆ దశలో పప్పెట్‌తో పాటే వచ్చిన ఫైళ్లు మాత్రమే లోడ్ కావాలన్నది రాసినవాళ్ల ఉద్దేశం. కాబట్టి సెట్టింగులు మొదలుపెట్టకుండా మీ మాడ్యూల్‌లోని టైప్‌ను అడగడం ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టే అవుతుంది.

రెండు జాగ్రత్తలు. ఒకే ప్రాసెస్‌లో ఈ మెథడ్‌ను రెండోసారి పిలిస్తే డెవ్‌ఎర్రర్ వస్తుంది, గ్లోబల్ సెట్టింగులను ఒక్కసారే మొదలుపెట్టాలని చెబుతుంది. మీ కోడ్‌ను ఎవరో ఇప్పటికే నడుస్తున్న పప్పెట్ లోపల వాడే అవకాశం ఉంటే, ముందుగా సెట్టింగ్స్ మీద గ్లోబల్_డిఫాల్ట్స్_ఇనిషియలైజ్డ్ అనే ప్రశ్నార్థక మెథడ్‌తో చూసుకుని పిలవండి. టెస్టుల్లో ఈ సంగతి పప్పెట్‌ల్యాబ్స్_స్పెక్_హెల్పర్ అనే లైబ్రరీ చూసుకుంటుంది, మీరు విడిగా పిలవక్కర్లేదు.

ఇంకోటి, సెట్టింగులు మొదలైనంత మాత్రాన డిస్కు మీద ఫోల్డర్లు పుట్టవు. అవి నిజంగా కావాలంటే సెట్టింగ్స్ మీద యూజ్ మెథడ్‌కు సెక్షన్ పేరు ఇచ్చి పిలవాలి. ఈ సెక్షన్లు పప్పెట్.కాన్ఫ్‌లోవి కావు, పప్పెట్ సోర్స్‌లో డిఫాల్ట్స్ ఫైలులో సెట్టింగులను గుంపులుగా ప్రకటించిన పేర్లు. రెండింటికీ ఒకే పదం వాడటం దురదృష్టం.

5. ఎన్విరాన్‌మెంట్ చెప్పకపోతే

సెట్టింగులు లేచాయి. ఇప్పుడు మీ మాడ్యూల్‌లోని టైప్‌ను అడగండి: పప్పెట్ టైప్ క్లాస్ మీద టైప్ మెథడ్, దానికి మీ టైప్ పేరు సింబల్‌గా. ఎర్రర్ రాదు, నిల్ (రూబీలో ఏమీ లేదని చెప్పే విలువ) వస్తుంది. ఆ నిల్ మీద ఏదో మెథడ్ పిలిచిన నాలుగు లైన్ల తర్వాత గానీ స్క్రిప్ట్ కూలదు, అప్పుడు మనం ఆ నాలుగో లైన్‌ను అనుమానిస్తాం.

కారణం ఇదీ. పప్పెట్ పుట్టినప్పుడు కాంటెక్స్ట్‌లో ప్రస్తుత ఎన్విరాన్‌మెంట్‌గా నక్షత్రం రూట్ నక్షత్రం అనే ఉత్తుత్తి ఎన్విరాన్‌మెంట్ ఉంటుంది. దాని మాడ్యూల్‌పాత్ ఖాళీ. ఇనిషియలైజ్_సెట్టింగ్స్ దాన్ని మార్చదు. 'పప్పెట్ అప్లై', 'పప్పెట్ ఏజెంట్' లాంటి కమాండ్లు తమంతట తాము సరైన ఎన్విరాన్‌మెంట్‌ను పెట్టుకుంటాయి. మీ స్క్రిప్ట్‌లో ఆ పని మీదే.

పద్ధతి ఇలా. పప్పెట్ మీద లుకప్ మెథడ్‌ను ఎన్విరాన్‌మెంట్స్ అనే సింబల్‌తో పిలిచి, వచ్చినదాని మీద గెట్‌ను ఆశ్చర్యార్థకంతో, ప్రొడక్షన్ పేరు ఇచ్చి పిలవండి. ఆశ్చర్యార్థకం లేని గెట్ అయితే ఎన్విరాన్‌మెంట్ దొరకనప్పుడు మళ్లీ నిల్ ఇస్తుంది. ఆశ్చర్యార్థకం ఉన్నది అక్కడికక్కడే ఎర్రర్ వేస్తుంది, మనకు కావాల్సింది అదే. తర్వాత ఆ ఎన్విరాన్‌మెంట్‌తో పప్పెట్ పాప్స్ లోడర్స్ క్లాస్ నుంచి ఒక కొత్త వస్తువు తయారుచేయండి. చివరగా పప్పెట్ మీద ఓవర్‌రైడ్ మెథడ్‌కు కరెంట్_ఎన్విరాన్‌మెంట్, లోడర్స్ అనే రెండు కీలతో ఆ రెండింటినీ ఇచ్చి, మీ పనంతా ఆ బ్లాక్ లోపల చేయండి. బ్లాక్ అయిపోగానే పాత కాంటెక్స్ట్ తిరిగి వస్తుంది. గ్లోబల్ వేరియబుల్స్‌తో కుస్తీ పట్టే పాత పద్ధతికంటే ఇది ఎంతో నయం.

ఇక మాడ్యూల్‌పాత్ సంగతి. ఎన్విరాన్‌మెంట్ ఫోల్డర్‌లోని మాడ్యూల్స్, ఆ తర్వాత బేస్‌మాడ్యూల్‌పాత్‌లోనివి, ఇదీ డిఫాల్ట్ వరుస. ఎన్విరాన్‌మెంట్.కాన్ఫ్‌లో మీరు మాడ్యూల్‌పాత్ రాస్తే ఆ డిఫాల్ట్ పూర్తిగా పోతుంది. సైట్ అనే మరో ఫోల్డర్ జతచేయబోయి, చివర డాలర్ బేస్‌మాడ్యూల్‌పాత్ రాయడం మరిచి, ఉన్న మాడ్యూల్స్‌ను పోగొట్టుకునేవాళ్లు చాలామంది. 'పప్పెట్ కాన్ఫిగ్ ప్రింట్ మాడ్యూల్‌పాత్'కు --సెక్షన్ సర్వర్, --ఎన్విరాన్‌మెంట్ ప్రొడక్షన్ రెండూ జతచేసి కొడితే ఫలితం తెలుస్తుంది.

6. టైప్‌లు, ప్రొవైడర్లు ఎలా లోడ్ అవుతాయి

ఆటోలోడర్‌కు ఫైలు పేరే చిరునామా. మాడ్యూల్‌లో లిబ్/పప్పెట్/టైప్ కింద టైప్ పేరుతో ఒక రూబీ ఫైలు. ప్రొవైడర్ (ఆ టైప్ పనిని ఒక్కో రకం మెషీన్ మీద నిజంగా చేసే కోడ్) అయితే లిబ్/పప్పెట్/ప్రొవైడర్ కింద టైప్ పేరుతో ఫోల్డర్, అందులో ప్రొవైడర్ పేరుతో ఫైలు. ఫైలు పేరుకూ లోపల ప్రకటించిన పేరుకూ తేడా వస్తే ఆ ఫైలు ఉండీ లేనట్టే.

ఆటోలోడర్ మామూలు రిక్వైర్ వాడదు, కెర్నెల్ లోడ్ వాడుతుంది. లోడ్ చేసిన ప్రతి ఫైలుకూ అది చివరిసారి మారిన టైమ్‌ను గుర్తుపెట్టుకుంటుంది. అందువల్లే నడుస్తున్న ఏజెంట్ మారిన ఫైలును మళ్లీ లోడ్ చేయగలుగుతోంది.  

టైప్‌ల మధ్య పంచుకునే సహాయక కోడ్ ఉంటే దాన్ని లిబ్ కింద పప్పెట్_ఎక్స్ ఫోల్డర్‌లో, మీ సంస్థ పేరు, మాడ్యూల్ పేరు ఫోల్డర్లుగా పెట్టండి. దాన్ని ఆటోలోడర్ వెతకదు, మీరే తెచ్చుకోవాలి. రిక్వైర్‌కు బదులు రిక్వైర్_రిలేటివ్ వాడండి. సర్వర్‌లో అనేక ఎన్విరాన్‌మెంట్లు ఒకే ప్రాసెస్‌లో నడుస్తాయి కాబట్టి, మామూలు రిక్వైర్ ఎవరి కాపీని తెస్తుందో చెప్పలేం.

ప్రొవైడర్ల విషయంలో ఒక పెద్ద గుంట ఉంది. టైప్‌కు తగిన ప్రొవైడర్‌ను ఎంచుకోవాలంటే పప్పెట్ ముందు ఆ టైప్‌కు ఉన్న ప్రొవైడర్ ఫైళ్లన్నీ లోడ్ చేస్తుంది. ఆ తర్వాతే కన్‌ఫైన్ షరతులు చూసి పనికిరానివి పక్కన పెడుతుంది. మీ విండోస్ ప్రొవైడర్ ఫైలు మొదటి లైన్‌లోనే విండోస్‌కు మాత్రమే ఉన్న జెమ్‌ను రిక్వైర్ చేస్తే, లినక్స్ మెషీన్లలో కూడా 'కుడ్ నాట్ ఆటోలోడ్' అనే ఎర్రర్‌తో ఆ టైప్ మొత్తం పడిపోతుంది. లినక్స్ వాడికి విండోస్ ప్రొవైడర్‌తో పనేమీ లేకపోయినా సరే.

మందు ఫీచర్ అనే ఏర్పాటు. లిబ్/పప్పెట్/ఫీచర్ కింద ఆ జెమ్ పేరుతో ఒక చిన్న ఫైలు పెట్టి, అందులో పప్పెట్ ఫీచర్స్ మీద యాడ్ మెథడ్‌తో ఫీచర్ పేరు, దానికి కావాల్సిన లైబ్రరీ చెప్పండి. ప్రొవైడర్‌లో ఆ ఫీచర్ మీద కన్‌ఫైన్ పెట్టండి, ఫైలు పైన రిక్వైర్‌ను ఫీచర్ ఉంటేనే అనే షరతు కిందికి తెండి. ఇప్పుడు జెమ్ లేని మెషీన్‌లో ఫైలు సజావుగా లోడ్ అవుతుంది, ప్రొవైడర్ మాత్రం తనకు తానే తప్పుకుంటుంది.

7. ఫంక్షన్లకు దారి వేరు

లిబ్/పప్పెట్/ఫంక్షన్స్ కింద రాసే కొత్త తరహా ఫంక్షన్లు పై ఆటోలోడర్ ద్వారా రావు. వాటిని చూసేది 5వ అడుగులో తయారుచేసిన లోడర్స్. ఓవర్‌రైడ్‌లో ఆ కీ ఎందుకు ఇమ్మన్నానో ఇప్పుడు తెలుస్తుంది.

ఈ లోడర్లు ఒకదాని మీద ఒకటి ఉంటాయి: అడుగున పప్పెట్‌తో వచ్చినవి, పైన ఎన్విరాన్‌మెంట్, ఒక్కో మాడ్యూల్‌కు ఒక్కొక్కటి. మాడ్యూల్‌కు మెటాడేటా.జేసన్ ఉంటే, అందులో డిపెండెన్సీలుగా రాసిన మాడ్యూల్స్ ఫంక్షన్లే దానికి కనిపిస్తాయి. ఆ ఫైలే లేకపోతే అన్నీ కనిపిస్తాయి. ఇంటి అవసరానికి రాసిన మాడ్యూల్ ఏళ్లుగా పనిచేస్తూ, ఎవరో బుద్ధిమంతులు మెటాడేటా.జేసన్ చేర్చిన రోజు నుంచి 'అన్‌నోన్ ఫంక్షన్' అని మొత్తుకోవడానికి కారణం ఇదే. స్టాండర్డ్ లైబ్రరీ మాడ్యూల్‌ను డిపెండెన్సీల్లో చేర్చితే సరిపోతుంది.

8. ఏజెంట్ దగ్గర, సర్వర్ దగ్గర

ఏజెంట్ మెషీన్‌లో మీ మాడ్యూల్స్ ఉండవు. ప్రతి రన్ మొదట్లో సర్వర్ నుంచి టైప్‌లు, ప్రొవైడర్లు, ఫ్యాక్ట్‌లు (మెషీన్ వివరాలు సేకరించే కోడ్) వార్‌డిర్ కింది లిబ్ ఫోల్డర్‌లోకి దిగుతాయి. దీన్నే ప్లగిన్‌సింక్ అంటారు. ఏజెంట్‌లో కొత్త టైప్ లోడ్ అవకపోతే ముందు ఆ లిబ్ ఫోల్డర్‌లోకి ఫైలు వచ్చిందా చూడండి. డిఫాల్ట్‌గా ఏజెంట్ 30 నిమిషాలకోసారి నడుస్తుంది, అంతసేపు ఆగే ఓపిక లేకపోతే 'పప్పెట్ ఏజెంట్'ను --టెస్ట్‌తో చేత్తో నడపండి. అలా దిగిన సొంత ఫ్యాక్ట్‌లు చూడాలంటే 'పప్పెట్ ఫ్యాక్ట్స్' కొట్టండి. ఫ్యాక్ట్‌లను సేకరించే ఫ్యాక్టర్‌ను ఒంటరిగా పిలిస్తే దానికి పప్పెట్ లిబ్‌డిర్ ఎక్కడుందో తెలియదు.

సర్వర్ కథ ఇంకొంచెం ముదిరింది. పప్పెట్ సర్వర్ జేవీఎం (జావా ప్రోగ్రాములు నడిపేది) మీద, జావాలో రాసిన రూబీ అయిన జేరూబీలో నడుస్తుంది, దానికి వార్‌డిర్ కూడా వేరే. రూబీలో రాసిన టైప్‌లు ప్రాసెస్ మొత్తానికి ఒక్కటే కాబట్టి, ప్రొడక్షన్‌లో ఒక వెర్షన్, టెస్టింగ్‌లో మరో వెర్షన్ ఉంటే ఒకదాని నిర్వచనం మరొకదాంట్లోకి కారుతుంది. దీన్ని ఆపడానికి ఒక్కో ఎన్విరాన్‌మెంట్‌కు 'పప్పెట్ జనరేట్ టైప్స్' నడపాలి. అది టైప్‌ల సారాంశాన్ని ఆ ఎన్విరాన్‌మెంట్ ఫోల్డర్‌లోనే రాసిపెడుతుంది, సర్వర్ కేటలాగ్ (ఒక మెషీన్ ఎలా ఉండాలో చెప్పే జాబితా) కంపైల్ చేసేటప్పుడు రూబీ ఫైలుకు బదులు దాన్ని చదువుతుంది. కోడ్ డిప్లాయ్ చేసే స్క్రిప్ట్‌లో దీన్ని చేర్చేయండి, చేత్తో చేస్తే ఏదో ఒక రోజు మరిచిపోతారు.

ఎన్విరాన్‌మెంట్_టైమౌట్ డిఫాల్ట్ 0, అంటే ఎన్విరాన్‌మెంట్‌ను క్యాష్‌లో ఉంచదు. వేగం కోసం దీన్ని అన్‌లిమిటెడ్ చేస్తే, ప్రతి డిప్లాయ్ తర్వాత అడ్మిన్ ఏపీఐ ద్వారా ఎన్విరాన్‌మెంట్ క్యాష్‌ను ఖాళీ చేయించాలి, లేదా 'పప్పెట్‌సర్వర్ రీలోడ్' కొట్టాలి. పప్పెట్_ఎక్స్‌లోని సహాయక ఫైలు మారినప్పుడు మాత్రం నేను క్యాష్ ఖాళీ చేయడాన్ని నమ్ముకోను, నేరుగా రీలోడే కొడతాను.